గుర్రపోడి ఇంటిపేరు

మా నాన్నకి ఇంగ్లీషు రాదు. అయినా పదేళ్ళకి పైగా మా తోట జనానికి ఇంగ్లీషు బొమ్మలన్నీ తెలుగులో చెప్పింది ఆయనే. బొమ్మ అంటే సినిమా. మా తాతలు ఓడెక్కి కూలికొచ్చిన ఈ దేశంలో, మా బాగన్ దాతుక్ వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. ఈ సంగతి చెబితే సైబర్‌జయలో మా ఆఫీసువాళ్ళు నవ్వుతారు, రాని భాషలోంచి ఎలా చెప్పాడని. రాకపోవడమే ఆయనకి కలిసొచ్చింది. వచ్చి ఉంటే తెర మీద ఉన్నదే చెప్పాల్సి వచ్చేది.

ఆ రోజుల్లో కొబ్బరి తోటలకి శనివారం శనివారం సినిమా వ్యాను వచ్చేది. కూలి లైన్లు, అంటే కూలీల ఇళ్ళ వరసల ముందున్న మైదానంలో రెండు గెడలు పాతి తెల్లగుడ్డ కట్టేవారు. చీకటి పడగానే మొదలు. పట్నంలో అందరూ చూసి వదిలేసిన పాత చవకబారు బొమ్మలే మా దాకా వచ్చేవి. గుర్రాలవి, దెయ్యాలవి, వారానికో ముక్క చొప్పున పన్నెండు వారాలు సాగదీసేవి. తమిళ బొమ్మ వస్తే అందరికీ అర్థమయ్యేది. ఇంగ్లీషుది వస్తే నాన్న మైకు పట్టుకుని తెర పక్కన నిలబడేవాడు.

నేను చూసింది ఆ ముచ్చట ఆఖరి రెండు మూడేళ్ళే, అదీ అమ్మ ఒళ్ళో కూర్చుని. అవెంత పేద బొమ్మలో ఈ మధ్య కంప్యూటర్లో మళ్ళీ చూస్తుంటే తెలిసింది. గుర్రాలు ఒకటే రాయి పక్కనుంచి మూడుసార్లు పరిగెడతాయి. అర్ధరాత్రి అంటారు గానీ గుర్రం కింద ఎండకి నీడ పడుతూ ఉంటుంది. గబ్బిలం రెక్కలాడిస్తుంటే పైన దారం కనబడుతుంది. దెయ్యం సమాధి రాతి మీద చెయ్యి ఆనిస్తే రాయి ఊగుతుంది. తోటలో ఎవరూ ఈ తప్పులు పట్టలేదు. వాళ్ళు పట్టిన తప్పు ఒకటే. పోయిన వారం బండి లోయలో పడేటప్పుడు వాడు లోపలే ఉన్నాడు, ఈ వారం ముందే దూకేసినట్టు చూపిస్తున్నారేమిటని అడిగేవారు. నాన్న తడుముకోకుండా "పోయినోరం మీరు సూసినోడు ఆడి తమ్ముడు" అనేవాడు. ఆ లెక్కన ఒక బొమ్మలో వీరుడికి తొమ్మిది మంది తమ్ముళ్ళు పోయారు. ఒక్కరూ ఏడవలేదు.

ఆయన్ని నిజంగా కష్టపెట్టింది ముసలమ్మలు. తెర మీదకి కొత్త మనిషి రాగానే చాప మీంచి ఎవరో ఒకావిడ అడిగేది, "ఎవరింటోడు?" అని. మనిషి ఏ ఇంటివాడో తెలియకుండా మావాళ్ళు కథ వినరు. అందుకని నాన్న ప్రతి తెల్లవాడికీ ఒక ఇంటిపేరు పెట్టి, ఒకరికొకరికి వరసలు కలిపేవాడు. టోపీ పెట్టుకున్న పోలీసు మేనమామ అయ్యేవాడు. గౌను వేసుకున్న పిల్ల మరదలు అయ్యేది. దెయ్యానికి కూడా ఇల్లు చూపించాల్సి వచ్చేది, ఆ ఇంటివాళ్ళు తోటలో ఎవరూ లేకుండా చూసుకుని మరీ. ఒకసారి మరిచిపోయి ఉన్న ఇల్లే చూపించాడు. ఆ ఇంటివాళ్ళు నెలరోజులు మా అమ్మతో మాట్లాడలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ పెట్టిన పేర్లలో ఒకటి అరవై ఏళ్ళ తర్వాత వచ్చి మా అమ్మాయి పెళ్ళికి అడ్డం పడింది. పోయిన ఏడాది మూడు వారాలు మా ఇంట్లో మనుషులం ఉన్నట్టే లేదు.

మా ఇంటిపేర్లు ఇక్కడి ఐసీ గుర్తింపు కార్డు మీద ఉండవు. మన పేరు ఉంటుంది, తండ్రి పేరు ఉంటుంది, అంతే. ఇంటిపేరు పెద్దవాళ్ళ నోళ్ళలోనే బతుకుతుంది, పెళ్ళి మాటలప్పుడు ఒకసారి బయటికొస్తుంది, పెళ్ళిపత్రిక మీద ఒకసారి అచ్చవుతుంది. రెండు వైపులా ఒకే ఇంటిపేరైతే వాళ్ళు అన్నాచెల్లెళ్ళు, ఇక మాటల్లేవు. నేను ముప్పై ఏళ్ళు కంప్యూటర్లతో పనిచేసినవాణ్ణి, జాతకాలూ ముహూర్తాలూ అంటే విసుక్కునేవాణ్ణి. ఈ ఒక్క విషయంలో మాత్రం మా నాయనమ్మ మనవణ్ణే. నన్నెవరూ మార్చలేదు, నేనూ మారాలనుకోలేదు.

పోయిన ఏడాది ఒక ఆదివారం మా అమ్మాయి తనతో పనిచేసే అబ్బాయిని భోజనానికి తీసుకొచ్చింది. కుర్రాడు నచ్చాడు. రెండోసారి పులుసు అడిగి మరీ పోయించుకున్నాడు, మా ఆవిడ అక్కడే సగం ఒప్పేసుకుంది. జొహోర్‌లో పెరిగాడట. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడటానికి సిగ్గు. మీ తాతది ఏ ఊరు అని అడిగాను. బాగన్ దాతుక్ అన్నాడు. ఏ తోట అన్నాను. మా తోటే. ఫోన్లో తాత ఫొటో వెతికి చూపించాడు.

ఫొటోలో ఉన్నది చిన్నాన్న. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చిన్నాన్న అని పిలిచిన మనిషి, నన్ను భుజాల మీద మోసిన మనిషి. మా ఇంటిపేరే వాళ్ళదీ. ఆయన కొడుకు ఉద్యోగానికి జొహోర్ వెళ్ళి పాతికేళ్ళు దాటింది, మనవడిని నేను పసివాడిగా ఒక్కసారే చూశాను. అందుకే పోల్చుకోలేకపోయాను. టీ కప్పు కింద పెట్టి, "మీరిద్దరూ అన్నాచెల్లెళ్ళు. ఇది అవ్వదు" అన్నాను.

ఇంకాస్త మెత్తగా చెప్పొచ్చు. నాకు మెత్తగా చెప్పడం చేతకాదు.

మా అమ్మాయి ముందు నవ్వింది. తర్వాత నా మొహం చూసి నవ్వడం మానేసింది. "ఏటి నాన్న నువ్వు, సీరియస్‌లా?" అంది, మాట చివర ‘లా’ తగిలించే ఇక్కడి పద్ధతిలో. సీరియస్సే అన్నాను. ఆ అబ్బాయి చేతులు కడుక్కుని, మా ఆవిడకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి అమ్మాయి నాతో మాట్లాడలేదు. చెవుల్లో ఏదో పెట్టుకుని అన్నం తినేది, తిని గదిలోకి పోయేది. పెళ్ళంటూ చేసుకుంటే అతన్నే, లేకపోతే లేదని వాళ్ళమ్మతో చెప్పిందట. నా కూతురే కదా, అన్న మాట మీద ఉంటుందని నాకు తెలుసు. అదే నా భయం.

మా అమ్మ పోయాక నాన్న మా దగ్గరే ఉంటున్నాడు. ఎనభై ఆరేళ్ళు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయనకి టీవీలో పాత గుర్రాల బొమ్మో దెయ్యాల బొమ్మో పెడతాను. ఇంటర్నెట్టులో ఇలాంటివి కుప్పలు. శబ్దం తీసెయ్యమంటాడు. తీసేస్తే తనలో తాను కథ చెప్పుకుంటూ చూస్తాడు, మా ఆవిడ పక్కన బట్టలు మడతపెడుతూ ఎవరింటోడని అడుగుతూ ఉంటుంది. ఆ మూడు వారాలూ ఆయన నోరు విప్పలేదు. తెర మీద గుర్రాలు పరిగెత్తేవి, ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చునేవాడు. మనవరాలి పక్షాన నా మీద అలిగాడనుకున్నాను.

మూడో వారం ఒక మధ్యాహ్నం బొమ్మ సగంలో "ఆపీ" అన్నాడు. ఆపాను.

"ఆల్లది మన ఇల్లు కాదురా" అన్నాడు.

ఎవరిది అన్నాను. చెప్పాడు. చెప్పడానికి ఆయనకి చాలాసేపు పట్టింది, మధ్యలో రెండుసార్లు మంచినీళ్ళు అడిగాడు.

అప్పటికి నాన్నకి పెళ్ళి కాలేదు. పన్నెండు వారాల గుర్రాల బొమ్మ ఒకటి వచ్చింది. అందులో ఒకడు ఎక్కణ్ణుంచో వస్తాడు, చెడ్డవాళ్ళని తన్నుతాడు, మళ్ళీ ఎటో పోతాడు. వాడికి అమ్మనీ అయ్యనీ ఎవరినీ చూపించరు. ముసలమ్మలు ఊరుకుంటారా, మొదటి వారమే నిలదీశారు. నాన్న అప్పటికే పేర్లన్నీ పంచేశాడు. ఏదీ తోచక "మా ఇంటోడే" అనేశాడు. చాపల మీంచి ఎవరో నవ్వి, ఈ గుర్రపోడు అచ్చం మన బండి తోలేవాడిలా లేడా అన్నారు. ఆ బండి తోలేవాడు చిన్నాన్న. పొడుగ్గా, ఎముకలు కనబడేలా ఉండేవాడట. తోట ఎద్దుబండి మీద కొబ్బరికాయలు మోసేవాడు. యుద్ధంలో జపానువాళ్ళు ఈ దేశాన్ని ఏలిన కాలంలో తల్లీ తండ్రీ పోతే లైన్లలో ఎవరో ముసలావిడ పెంచింది. ఇంటిపేరు చెప్పేవాళ్ళే మిగల్లేదు, ఇల్లు తెలియనివాడికి పిల్లనెవరిస్తారు. ఆ శనివారం నుంచి లైన్లన్నీ వేళాకోళానికి ఆయన్ని మా ఇంటిపేరుతో పిలవడం మొదలుపెట్టాయి.

అంతవరకూ అయితే నవ్వుకుని వదిలేసేవారే. నాలుగు రోజులకి ఆయన కొబ్బరి ఎండబెట్టే కొట్టం దగ్గరికి వచ్చి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నాన్నని అడిగాడట. "అన్నా, మైకులో మీ ఇంటోడినన్నావు. ఉత్తినే అన్నావా, మీ అయ్య నీకేటైనా సెప్పినాడా?"

"నేనేటి సెప్పాల" అన్నాడు నాన్న నాతో. "ఆడి మొకం సూసి నేదనలేకపోయినాను. అవును, మా అయ్య సెప్పినాడు, మీ అయ్యా మా అయ్యా ఒకటే ఇల్లు అనీసినాను."

మా తాత అంతకు ఏడాది ముందే పోయాడు, కాదనడానికి మనిషి లేడు. నాయనమ్మ ఉంది గానీ ఆవిడ ఏమీ అనలేదు, పిలిచి అన్నం పెట్టింది. రెండేళ్ళలో ఆ ఇంటిపేరు మీదే ఆయనకి పెళ్ళయింది. నాయనమ్మ పోయినప్పుడు కొడుకులతో పాటు ఆయనా గుండు చేయించుకున్నాడు. పక్కపక్కన రెండు గుండ్లు నాకు బాగా గుర్తు.

ఇదంతా విని నేనేం చెయ్యాలి. నాకు మొదట ఎగిరి గంతెయ్యాలనిపించింది. రక్తసంబంధం లేదు, పిల్ల పెళ్ళి అవుతుంది. వెంటనే అమ్మాయి గది వైపు నడిచాను కూడా. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"పిల్లకి నువ్వు సెప్తే, పిల్ల ఆ కుర్రోడికి సెప్తాది, ఆడు ఆళ్ళ తాతకి సెప్తాడు. ఆడికి ఈ బూమ్మీద ఉన్న చుట్టం నేనొక్కడినేరా. అదీ అబద్దమని ఎవరో సెప్తే ఇనాలా? సెప్తే నేనే సెప్పాల."

అన్నాడే గానీ బయల్దేరడానికి నాలుగు రోజులు తీసుకున్నాడు. ఆదివారం పొద్దున్నే ఇద్దరం కారెక్కాం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. హైవే ఎక్కిన దగ్గర్నుంచి ఆయన పెదాలు కదుపుతూనే ఉన్నాడు, బొమ్మకి ముందు మైకు దగ్గర అలాగే కదిపేవాడని అమ్మ చెప్పేది. రెస్ట్ ఏరియాలో ఆపితే కారు దిగలేదు. "ఎల్లిపోదాంరా" అన్నాడు. నేను కోపిష్టిని, మనవరాలి బతుకు కంటే మీ బండి తోలేవాడు ఎక్కువా అనేశాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తోట దగ్గరే ఉండిపోయిన చిన్నాన్న మమ్మల్ని చూసి మెట్లు దిగివచ్చాడు. ఆయనకీ ఎనభై నాలుగు, నాన్న కంటే రెండేళ్ళు చిన్న. చెక్క ఇల్లు, పక్కన మనవడు కొనిచ్చిన కొత్త వాషింగ్ మెషీను మీద గోనెసంచి కప్పి ఉంది. నన్ను కూర్చోమని, నాన్నని తన పక్కన కూర్చోబెట్టుకుని, తనే లోపలికి వెళ్ళి కోపీ, అంటే కాఫీ, కలుపుకొచ్చాడు. పిల్లల సంగతి ఆయనకి తెలుసు. మనవడు ఫోన్ చేసి చెప్పాడట. మా మీద కోపంగా ఉంటాడనుకున్నాను, అలాంటిదేమీ కనబడలేదు.

నాన్నకి దారంతా వల్లెవేసుకున్నదేదీ గుర్తు రాలేదు. "నీది మా ఇల్లు కాదు తమ్ముడూ. నేను నీకు అబద్దం సెప్పినాను" అన్నాడు, అంతే. అని తలవంచుకుని కూర్చున్నాడు. నేను చిన్నాన్న మొహం చూడలేక గోడ మీద క్యాలెండర్ చూశాను.

చిన్నాన్న చెంచాతో కోపీ కలుపుతూనే ఉన్నాడు.

"నాకు తెల్దేటి?" అన్నాడు.

నాన్న తలెత్తాడు.

"మైకు నేకపోతే నీకు అబద్దం సెప్పడం రాదన్నా. మైకులో అయితే తొమ్మిది మంది తమ్ముళ్ళని సంపినావు, ఎవడూ కాదననేదు. ఆ పొద్దు కొట్టం కాడ అవునంటూ నేలకేసి సూసినావు. అప్పుడే తెలిసిపోనాది."

"మరి అడగనేదేటి?"

"ఎందుకడుగుతాను? ఎవుడూ ఇవ్వనిది నువ్విచ్చినావు. అడిగితే మల్లీ తీసీసుకుంటావని బయం." కప్పు నాన్న ముందుకి జరిపాడు. "మా ఆడదానికి పెల్లైన మూడో రోజే సెప్పినాను. అది నవ్వింది. ఆ గుర్రపోడి ఇల్లేనా, అంది. అదీ సూసినాదిలా ఆ బొమ్మ, ఆడోల్ల సాప మీద కూకోని. ఆల్లమ్మా సూసినాది. అందరికీ తెలుసు."

అరవై ఏళ్ళు మా నాన్న తను ఒక పిల్లని మోసగించి పెళ్ళి చేయించానని కుమిలిపోయాడు. మోసపోవాల్సిన వాళ్ళందరూ ఆ వేళ మైదానంలో ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నారన్న సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. చిన్నాన్నా నవ్వాడు. నాన్న మాత్రం కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

చిన్నాన్న నవ్వడం ఆపి, "ఇన్నేల్లు వాడుకున్నాను, సాలు. నీ పేరు నీకిచ్చెత్తాను. పిల్లని మాకిచ్చీ" అన్నాడు.

"మరి నీకు?"

"నాకేటి. పెల్లి కార్డు మీద మా వేపు కాళీగా ఉంచీమను."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు, మాకే మింగుడుపడలేదు. పెళ్ళికూతురి వైపు ఇంటిపేరు అచ్చేసి, పెళ్ళికొడుకు వైపు ఏమీ లేకుండా వదిలెయ్యడం. నేనేదో సర్దిచెప్పబోయాను, నాన్న చెయ్యెత్తి ఆపాడు. ఎదురుగా గోడని చూస్తూ కూర్చున్నాడు. పెదాలు కదలడం లేదు. నిజంగానే ఆలోచిస్తున్నాడు.

"మా అమ్మ పుట్టింటి పేరు నీకు తెలుసు కదా" అన్నాడు చివరికి. "మా మేనమామ ఒక్కడే వొచ్చినాడు ఓడలో అమ్మతోటి. పెల్లి కాకుండానే పోయినాడు. ఆ ఇంటి పేరు సెప్పుకునేవోడు ఈ దేశంలో నేడు. పుచ్చుకో."

చిన్నాన్న ఆ పేరుని నోట్లో రెండుసార్లు పలికి చూసుకున్నాడు. తర్వాత వేళ్ళ మీద వరస లెక్కపెట్టాడు, తోటలో ముసలమ్మలు లెక్కపెట్టినట్టే. "అయితే నేను నీకు మేనమామ కొడుకునా?"

"అవును" అన్నాడు నాన్న, ఆయన కళ్ళలోకి చూస్తూ.

నేనూ లెక్క కట్టాను. ఆ ఇల్లయితే చిన్నాన్న నాకు మావయ్య వరస. ఆయన కొడుకు నాకు బావ. ఆ కుర్రాడు నా మేనల్లుడు, నా కూతురిని ఇవ్వడానికి అంతకంటే దగ్గర సంబంధం లేదు. మూడు వారాలుగా గుండె మీద కూర్చున్న బరువు లేచి వెళ్ళిపోయింది. సిగ్గు లేకుండా ఏడ్చేశాను. బయటికొచ్చి అమ్మాయికి ఫోన్ చేశాను, ఎత్తింది. ఆ అబ్బాయిని భోజనానికి రమ్మని చెప్పు అన్నాను. "ఓకే నాన్న" అంది. ఆ రెండు మాటలకే నాకు ప్రాణం లేచొచ్చింది.

నేను మళ్ళీ లోపలికి వచ్చాను. నాన్న కప్పు ముట్టనే లేదు. చిన్నాన్న వంగి, కప్పు తీసి ఆయన చేతిలో పెట్టాడు. అన్నా అన్నా అని అరవై ఏళ్ళు పిలిచిన మనిషి.

"తాగు బావా" అన్నాడు.